గాజుపలక తాగిన నెత్తురు

మా బంగారు గనుల ఊరు చాంపియన్ రీఫ్స్‌లో ఎండాకాలం గాలి లేచిందంటే ఆడవాళ్ళు మొదట చేసే పని నీళ్ళ బిందెల మీద మూతలు పెట్టడం. గని మూతపడి ఏళ్ళయినా, బంగారం తీసేసుకున్నాక మిగిలిన రాతిపిండి మాత్రం ఊరి పక్కన కొండలై పడి ఉంది. సయనైడ్ దిబ్బలు అంటాం. గాలికి ఆ దుమ్ము లేస్తే పట్టపగలే దీపం వెతుక్కోవాలి. నాలుక మీద ఏదో సున్నంలాంటి రుచి తగులుతుంది. పరాయి ఊరివాళ్ళు దగ్గుతారు. మేము మాట్లాడుతూనే ఉంటాం.

నా పేరు ఏసురత్నం. పాతకాలపు బీయెస్సీ. మా నాయన గనిలో డ్రిల్లు పట్టినవాడు. కొడుకు భూమి కిందికి దిగకూడదని నన్ను బెంగళూరు కాలేజీకి పంపాడు. చదివి వచ్చి గని ఆసుపత్రిలో రక్తపరీక్షల గదిలో చేరాను. నేను కిందికి దిగలేదు గానీ, దిగి పైకొచ్చిన వాళ్ళ నెత్తురంతా నా చేతుల మీదుగానే పోయింది. ఒకసారి రాయి కూలి... వద్దు, ఆ కథ మొదలుపెడితే ఇది మిగలదు. మా ఇంట్లో కూడా నా మీద ఇదే ఫిర్యాదు.

కొన్నేళ్ళ కిందట, గని దొరలు ఉండిన పాత బంగళా ఒకటి బాగుచేసి, బెంగళూరు వాళ్ళెవరో అందులో ప్రయోగశాల పెట్టారు. దానికి పెద్ద డాక్టర్ డయానా, నా పాత స్నేహితుడి కూతురు. "ఇంట్లో కూర్చొని గోడలు చూసేదానికి మా ల్యాబుకు రండి అంకుల్, సూది గుచ్చేదానికి మీ చెయ్యే కావాల" అంది. వెళ్ళాను. రక్తం ఇచ్చేవాళ్ళ దగ్గర తీసి ఇవ్వడం నా పని.

ఆ అమ్మాయి చదువుతున్న విషయం చెప్పడానికి చిన్నదే. నెత్తురు నరంలో ఉన్నంతసేపు గడ్డకట్టదు, దేనికీ అంటుకోదు. బయట పడితే కాసేపటికే గడ్డ. అంటే నరం లోపలి పొర ఆ నెత్తురుకు ఏదో చెబుతూనే ఉండాలి. ఏం చెబుతుంది? చెప్పడం ఎప్పుడు మానేస్తుంది? బతికున్న మనిషి నరం కోసి చూడలేరు కాబట్టి ఆసుపత్రి నుంచి పుట్టిన బిడ్డల బొడ్డుతాళ్ళు తెచ్చుకుంటారు. తాడులో ఉన్న పెద్ద నరాన్ని కడిగి, లోపలి పొర కణాలను విడదీసి, గాజుపలకలో తొలిచిన వెంట్రుకంత సన్నని కాలవలో చల్లుతారు. వెచ్చటి పెట్టెలో పెట్టి మేత పోస్తే అవి బతికి, గచ్చుకు పరిచిన బండల్లా పక్కపక్కన అమరుకుంటాయి. ఇక ఆ కాలవలోకి పంపుతో నెత్తురు తోలి, మైక్రోస్కోపు తెర మీద చూడడమే. ఎర్రకణాలు మధ్యలో పరుగెత్తుతాయి. తెల్లకణాలు గోడ పక్కన, శ్రీనివాసపురం మండీలో లారీ పలక మీద దొర్లే మామిడికాయల్లా, మెల్లగా దొర్లుతాయి. గోడకు దెబ్బ తగిలి ఉంటే అక్కడ ఆగి అతుక్కుంటాయి. ఆ తెర ముందు కూర్చుంటే నాకు సినిమా అక్కరలేదు.

తాడు ఎవరి బిడ్డదో మాకు తెలియకూడదని నియమం. సీసా మీద నంబరు తప్ప పేరుండదు. మంచి నియమమే అనుకునేవాణ్ణి.

పోయిన వేసవిలో వచ్చిన ఒక తాడు కణాలు మిగతావాటిలా లేవు. మామూలుగా కొన్నాళ్ళకు ముసలివై రాలిపోవాలి. ఇవి రాలలేదు. డయానా మురిసిపోయేది. "ఈడు మహా మొండోడు అంకుల్, చావమంటే చావడు" అనేది. ఆ మొండివాడు ఎవరి బిడ్డో కొన్ని వారాలకే తెలిసింది. తాడు కోసం మనిషే వచ్చింది.

అది మా క్లారాకు బిడ్డ పుట్టిన రోజు. క్లారా నా మనవరాలు. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి నెలలు నిండేదాకా మంచం మీదే ఉంది. మొగుడు క్లెమెంట్ పొద్దున రైల్లో బెంగళూరు పోయి రాత్రికి వచ్చే మనిషి. కాబట్టి ఆ నెలలన్నీ ఆమె కూర్చుని ఏడ్చింది నా ముందే. అలాంటిది ఆ తెల్లవారుజామున మగబిడ్డ పుట్టాడు. ఎర్రగా, పిడికిళ్ళు బిగించి, ఆసుపత్రి కప్పు లేచిపోయేలా ఏడ్చాడు. నేను మైసూరుపాకు పొట్లం పట్టుకుని మధ్యాహ్నానికి ల్యాబుకు వెళ్ళాను.

వరండాలో ఒక ముసలామె డయానా చీర కొంగు... చీర కాదు, తెల్లకోటు అంచు పట్టుకుని కూర్చుని ఉంది. పేరు మునివెంకటమ్మ. టేకల్ పక్కన పల్లె. రాగిచేను, ఆవులు ఉన్న కుటుంబం.

"మా బిడ్డ బొడ్డుతాడు ఇచ్చెయ్ తల్లీ. ఇంగేమీ అడగను."

"అది అయిపోయింది అవ్వా."

"అయిపోయేదానికి అదేమన్నా సాంబారా?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. నా వైపు తిరిగి చెప్పుకుంది. "మా కోడలు మునిలక్ష్మికి పుట్టినోడు ఏడవనే లేదప్పా. మట్టి చేసినాము. మాలో మావీ తాడూ బిడ్డతోనే పెట్టాల. లేదంటే సగం ఆడ, సగం ఈడ. ఆసుపత్రోళ్ళు మావి ఇచ్చినారు, తాడు ఇయ్యలేదు. నొప్పుల్లో ఉండేదానితో సంతకం పెట్టించుకున్నారంట! పుట్టినప్పుడు ఏడవనోడు ఇప్పుడు పొద్దుగూకితే వాకిట్లో ఏడుస్తా ఉండాడు. ఆకలేడుపు. దానికి పాలు ఎండడం లేదు."

డయానా నన్ను లోపలికి పిలిచింది. అవ్వ చెప్పిన కాన్పు తేదీకి వచ్చిన తాడు ఆ మొండోడిదే. ఇప్పుడు అది నిజంగానే లేదు. కణాలు తీశాక మిగిలింది ఎప్పుడో కాల్చేశారు. ఉన్నవల్లా గాజుపలకలోని ఆ కణాలే, వాటిని ఆమె ఇవ్వదు. ఐసు పెట్టె తెరిచి, ఆ పొద్దున వచ్చిన సీసా తీసింది. అందులో మెలికలు తిరిగిన తెల్లటి తాడు.

"ఈ వారం నాకు తీరిక లేదు, ఇది ఎట్లాగూ పారేసేదే. వాళ్ళకి ఏ తాడైతే ఏమి అంకుల్?"

నాకూ అది తెలివైన పనిగానే తోచింది. మునివెంకటమ్మ సీసాను ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ కప్పింది. నేను పొట్లం చాపాను. "మాకు మునిమనవడు పుట్టినాడమ్మా, తీసుకో."

ఆమె ఒక ముక్క తీసుకుని నోట్లో వేసుకుంది. "చల్లగా ఉండనీప్పా" అంది. ఆ సీసాతోనే బస్సెక్కింది.

తరువాత కొద్ది రోజులు బాగానే గడిచాయి. బుజ్జిగాడి బొడ్డు ఎండి రాలింది. వాడు నా వేలు పట్టుకునేవాడు. ఆపైన రంగు మారడం మొదలైంది.

ముందు పెదవులు. తరువాత చెవులు. నెత్తురు తగ్గుతోందన్నారు. కామెర్లు లేవు. ఎక్కడా కారడం లేదు, లోపలా కారడం లేదు. ఎక్కించారు. ఎక్కించిన రోజు గులాబీలా ఉన్నవాడు నాలుగు రోజులకు మళ్ళీ కొవ్వొత్తి. నేనే మడమ మీద గుచ్చి చూశాను. జీవితమంతా నెత్తురు చూసినవాణ్ణి, అంత పలుచటి చుక్క చూడలేదు. పెద్ద డాక్టరు ఒకాయన "ఎటు పోతోందో అర్థం కావడం లేదు, ఎన్నిసార్లని ఎక్కిస్తాం" అని చేతులెత్తేశాడు.

క్లారా మాత్రం నాతో మెల్లగా అంది: "తాతా, వీడు పాలు తాగతానే ఉండాడు. కానీ ఎవరో వీణ్ణి తాగతా ఉండారు."

బాలింత మాటలు అనుకున్నాను.

ఆ మరునాడు డయానా ఫోన్ చేసి రమ్మంది. నేను బంగళా చేరేసరికి గాలి లేచింది. దిబ్బల మీది నుంచి తెల్లగా లేచి, సూర్యుణ్ణి మింగి, కిటికీల నిండా బూడిదరంగు పూసింది. గేటు దగ్గర ఉండగానే కరెంటు పోయింది. లోపల మైక్రోస్కోపు గది మామూలుగానే చీకటి గది. నల్లటి తెరలు వేసి ఉంటాయి. బ్యాటరీ మీద మైక్రోస్కోపు, దాని తెర మాత్రం వెలుగుతున్నాయి. ఆ వెలుతురులో డయానా ముఖం నీళ్ళలో నానినదానిలా ఉంది.

లోపల అడుగుపెట్టగానే వాసన తగిలింది. మందుల వాసన ఆ గదికి మామూలే. ఇది వేరే. పులిసిన పాలు... తడి గుడ్డలు... పసిబిడ్డ తల. పొద్దున క్లారా పక్కన కూర్చున్నప్పుడు పీల్చిన వాసనే.

"నాతో ఆటలాడతా ఉండారా అంకుల్?" డయానా గొంతు బొంగురుగా ఉంది. "ఆ మొండోడి పలకలో నేను నెత్తురు పొయ్యకుండానే పొద్దున చూస్తే నెత్తురు ఉండాది. కడిగితే మళ్ళీ వస్తా ఉండాది. మీరు గాక ఇంకెవరు పోస్తారు?"

"నేనెందుకు పోస్తానమ్మా?"

"అయితే చూడండి."

చూశాను. కాలవలో కణాలు పరుచుకుని ఉన్నాయి. వాటి మీద ఎర్రకణాలు వస్తున్నాయి. పరుగెత్తడం లేదు. ఒక్కొక్కటీ వచ్చి గోడకు అతుక్కుంటోంది. అతుక్కున్నది మెల్లగా పాలిపోతోంది. పాలిపోయి, ఉత్త గుల్లయి, మాయమవుతోంది. దాని చోటికి ఇంకొకటి. నరం గోడ నెత్తురును అంటుకోనివ్వకూడదు. మేము అన్నాళ్ళూ చదివింది అదే. ఈ గోడ నోళ్ళు తెరుచుకుని ఉంది.

కొన్ని కణాల్లో నల్లటి గింజలాంటి చుక్క. పెద్దవాళ్ళ ఎర్రకణాల్లో ఆ చుక్క ఉండదు. పసికందుల నెత్తురులోనే కనబడుతుంది.

"పంపు ఆపమ్మా" అన్నాను.

"పంపుకు కరెంటు యాడుండాది అంకుల్?"

చెయ్యి చాపి తడిమాను. పంపు చల్లగా ఉంది. నెత్తురు వచ్చే గొట్టం పలక నుంచి ఊడి బల్ల మీద పడి ఉంది. పొడిగా.

అయినా తెర మీద వస్తూనే ఉన్నాయి.

బయట గాలి తగ్గింది. అప్పుడు వినిపించింది. చప్... చప్... ఆగి... చప్... రొమ్ము దొరికిన బిడ్డ తొందరలో చేసే చప్పుడు. మైక్రోస్కోపు కింది నుంచి.

డయానా గోడకు ఆనుకుంది.

"ఆ ముసలామెకు ఇచ్చిన తాడు..." అన్నాను. "ఎవరిది?"

"నంబరే కదా ఉండేది..."

"ఆ పొద్దున ఎన్ని తాళ్ళు వచ్చినాయి?"

"ఒకటే."

ఆ పొద్దున ఆసుపత్రిలో కాన్పయింది మా క్లారాకు ఒక్కదానికే. మా తాత ల్యాబుకు పనికొస్తుంది తీసుకోండి అని నర్సుతో తానే గొప్పగా చెప్పిందట. తరువాత ఆమె చెబితే విని మురిసిపోయానే గానీ, ఆ సీసాతో కలిపి చూడలేదు. మా బిడ్డ తాడు చచ్చిపోయిన బిడ్డ పొట్ట మీద పెట్టి పూడ్చి ఉంటారు. వాడికి తల్లి దొరకలేదు గానీ తాడు దొరికింది.

పలక తీసి రుమాలులో చుట్టాను. వేడిగా ఉంది. డయానా చీకట్లో నా మణికట్టు పట్టుకుంది.

"మీ ఇంట్లో ఇంకో బిడ్డ పుట్టొచ్చు అంకుల్." గుసగుసగా అంది. "ఇట్లాంటి కణాలు మళ్ళీ పుట్టవు."

చిన్నప్పుడు నా భుజాల మీద కూర్చుని జాతర చూసిన పిల్ల. ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాను. బల్ల మీది కోత బ్లేడు ఒకటి జేబులో వేసుకుని బయటపడ్డాను.

ఆటోవాడు ఎంత తోలినా టేకల్ దాటి ఆ పల్లె చేరేసరికి పొద్దు కుంగుతోంది. మునివెంకటమ్మ కొట్టంలో ఆవుకు గడ్డి వేస్తోంది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె చేతిలోని గడ్డి మొత్తం వేసి, చేతులు దులుపుకుని, అప్పుడు నా వైపు చూసింది.

"ఆ పొద్దు నా నోట్లో తీపి పెట్టినావే."

నేను రుమాలు విప్పి పలక చూపించాను.

"తాడు పెట్టినాంక ఏడుపు నిలిచిపోయింది. మా మునిలక్ష్మి ఇన్నాళ్ళకు నిద్రపోతా ఉండాది. నీ బిడ్డ కోసరం నా బిడ్డను లేపేదానికి వచ్చినావా? ఉండనీలేప్పా. వానికీ ఒక తోడు కావల్ల కదా."

చెప్పిన తీరులో కోపం లేదు. వంగి, ఆమె కాళ్ళు పట్టుకున్నాను. నా వయసు మనిషి అలా వంగితే లేవడం కష్టం. ఆమె లేపలేదు. వక్కాకు మడిచి దవడన పెట్టుకుంది.

"పలుగు ఆడుండాది. నీ చేత్తో నీవే తవ్వుకో. నేను మట్టి ముట్టను."

చేను గట్టు దగ్గర, కుక్కలు తవ్వకుండా ముళ్ళకంప కప్పిన చోటు. కంప లాగుతుంటే అరచేతులు చీరుకున్నాయి. ఆమె గట్టు మీద కూర్చుని నములుతూ చూసింది. మట్టి మెత్తగా ఉంది. పలుగు పక్కన పెట్టి చేతులతో తీశాను. ఎంత లోతో... వేళ్ళకు గుడ్డ తగిలింది. కుళ్ళు వాసన వస్తుందని ఊపిరి బిగబట్టాను. రాలేదు. పులిసిన పాల వాసన వచ్చింది.

నేను గుడ్డ విప్పలేదు. ఏసుప్రభువు మీద ఆన, నేను చూడలేదు. మడతలోకి చెయ్యి మాత్రం పోనిచ్చాను. వేపాకులు పొడిపొడిగా రాలాయి. వాటి మధ్య తాడు తగిలింది.

తడిగా ఉంది. వెచ్చగా ఉంది.

లాగాను. రాలేదు. ఒక కొస దేన్నో పట్టుకుని ఉంది. మళ్ళీ లాగాను. అవతలి నుంచి... మెల్లగా... వెనక్కి లాగింది.

జేబులో ఫోన్ మోగింది. క్లారా. స్పీకరు నొక్కగానే అరుపు. "తాతా! వీడు ఊపిరి తీసుకోవడంలేదు! తెల్లగా అయిపోయినాడు తాతా, ఎక్కడుండావు..."

బ్లేడు తీశాను. గుడ్డలోనే, చేతితో తడుముకుంటూ కోసేశాను. నా వేళ్ళ మీదుగా వెచ్చగా చిమ్మింది. ఫోన్‌లో మునిమనవడు ఏడ్చాడు. గట్టిగా, పుట్టినప్పటిలా. క్లారా ఏడుస్తూ నవ్వుతోంది. "ఏడ్చినాడు తాతా, ఎర్రబడతా ఉండాడు..."

చేతిలోకి వచ్చిన ముక్కను రుమాలులో పెట్టుకున్నాను. గాజుపలకను గుడ్డ మడతలో పెట్టాను. రెండు చేతులతో మట్టి తోశాను, తొక్కాను, కంప లాగాను. ఇంటి వైపు నుంచి ఒక ఆడమనిషి నిద్రలో మూలిగింది.

మునివెంకటమ్మ వక్కాకు ఉమ్మి, నా చేతుల వైపు చూసింది. మోచేతుల దాకా నల్లగా కనిపిస్తున్నాయి.

"కోసినావా?"

"కోసినాను."

"ముడేసి కోసినావా?"

నాకు అర్థం కాలేదు.

"తాడు కోసేటప్పుడు ముందు ముడెయ్యల్లప్పా." గొంతు తగ్గించింది. "రెండు పక్కలా వేసి మధ్యలో కొయ్యల్ల. మా ఊర్లో చిన్నపిల్లలకూ తెలుసు. ఇంత చదివినావే..."

నేను పలుగు కోసం చెయ్యి చాపాను. ఆమె దాని మీద కాలు పెట్టింది. "ఇంగ చాలు. ఇంగొకసారి లేపితే నేను ఊరుకోను" అంది. లోపల మునిలక్ష్మి లేచి కూర్చున్న అలికిడి. ఎవరినో జోకొడుతున్న చప్పుడు.

నా చేతికి వచ్చిన ముక్కను ఇంటి వెనక వేపాకుల్లో చుట్టి, ఈసారి రెండు కొసలూ దారంతో బిగించి కట్టి, లోతుగా పాతాను.

బుజ్జిగాడు కోలుకున్నాడు. డాక్టర్లు మందులే పనిచేశాయన్నారు. నేను వాదించలేదు. వాడి చెవులు మందారాల్లా అయ్యాయి. క్లెమెంట్ సెలవు పెట్టి బాప్తిస్మానికి అందరినీ పిలిచాడు. డయానా రాలేదు. బంగళాకు తాళం వేసి ఉందని విన్నాను.

బాప్తిస్మం రోజు పొద్దున క్లారా వాడికి నీళ్ళు పోయడానికి తీసుకెళ్ళి, స్నానాల గది లోంచి నన్ను పిలిచింది. అరవలేదు. చాలా మెల్లగా పిలిచింది.

తువ్వాలు విప్పి చూపింది. ఎప్పుడో ఎండి, రాలి, మానిపోయిన బొడ్డులోంచి వేలి కణుపంత తాడు బయటికి వచ్చి ఉంది. నీలి తెలుపు. తడిగా మెరుస్తోంది.

"రాత్రి ఇంత లేదు తాతా" అంది.

వాడు నన్ను చూసి నవ్వాడు. వాడి రొమ్ము మీద అరచెయ్యి పెట్టాను. రెండో చేతి వేళ్ళతో ఆ కొస పట్టుకున్నాను. కొట్టుకుంటోంది. నెత్తురు నరాలు పట్టుకుని బతికినవాణ్ణి, నా వేళ్ళు పొరబడవు. అరచేతి కింద పసివాడి గుండె పిచ్చుక గుండెలా టకటకా పరుగెత్తుతోంది.

నా వేళ్ళ మధ్యది మాత్రం నిదానంగా... ఆగి... ఆగి... కొట్టుకుంటోంది.